మిల్వాకీ నగర మేయర్లు

మిల్వాకీ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో అతి పెద్ద నగరం. మిషిగన్ సరస్సు పశ్చిమ తీరాన ఉన్న ఈ నగర జనాభా 2020 జనగణన ప్రకారం 5,77,222. నగర పరిపాలనకు అధిపతి మేయరు. ప్రజలు మేయరును నాలుగేళ్ళకొకసారి, పార్టీరహితంగా, నేరుగా ఎన్నుకుంటారు. బడ్జెటును ప్రతిపాదించడం, శాఖాధిపతులను నియమించడం, కౌన్సిల్ తీర్మానాలను వీటో చేయడం మేయరు ముఖ్య అధికారాలు. 1910 - 1960 మధ్యకాలంలో ముగ్గురు సోషలిస్టులు మొత్తం 38 ఏళ్ళపాటు ఈ పదవిని నిర్వహించడం అమెరికా నగరాల చరిత్రలో అరుదైన విషయం.

తొలి మేయర్లు

మిల్వాకీ నదికి తూర్పున సాలమన్ జూనో, పడమట బైరన్ కిల్బర్న్, దక్షిణాన జార్జి వాకర్ వేర్వేరుగా స్థాపించిన మూడు పల్లెల కలయిక ఈ నగరం. ఇరుగట్ల వారికి పడేది కాదు. రెండు గట్ల వీధులు ఎదురెదురుగా కలవకపోవడం వలన నగర కేంద్రంలోని కొన్ని వంతెనలు నేటికీ నదికి అడ్డంగా ఏటవాలుగా కనిపిస్తాయి. 1845లో ఈ వైరం వంతెనలను కూలగొట్టుకునేదాకా వెళ్ళింది. తూర్పుగట్టు వారు ఒక పాత ఫిరంగిని కిల్బర్న్ ఇంటివైపు గురిపెట్టి, ఆయన కుమార్తె మరణించిందని తెలిసి వెనుకకు తగ్గారని చెబుతారు.

1846 జనవరి 31న మూడు పల్లెలూ ఒకే నగరమయ్యాయి. ఉన్ని చర్మాల వర్తకుడైన జూనో మొదటి మేయరయ్యాడు. అప్పట్లో పదవీకాలం ఒక్క సంవత్సరమే. కిల్బర్న్, వాకర్ కూడా చెరి రెండుసార్లు మేయర్లయ్యారు. రైలుమార్గపు భూముల కోసం కిల్బర్న్ శాసనసభ్యులకు బాండ్లను లంచాలుగా పంచిన సంగతి 1858లో బయటపడింది.

సోషలిస్టుల కాలం

1898 - 1906లోనూ, తిరిగి 1908 - 1910లోనూ మేయరుగా ఉన్న డేవిడ్ రోజ్ హయాంలో జూదగృహాలు బాహాటంగా నడిచాయి. అనేకమంది అధికారులపై అవినీతి అభియోగాలు నమోదయ్యాయి. దీనితో విసిగిన ఓటర్లు 1910లో ఎమిల్ సైడల్‌ను గెలిపించారు. పోతపనికి కొయ్య నమూనాలు చేసే కార్మికుడైన సైడల్, అమెరికాలో ఒక పెద్ద నగరానికి మేయరైన మొదటి సోషలిస్టు. తరువాత కవిగా ప్రసిద్ధుడైన కార్ల్ శాండ్‌బర్గ్ ఆయనకు కార్యదర్శిగా పనిచేశాడు. 1912లో రిపబ్లికన్లు, డెమొక్రాట్లు ఏకమై గెర్హార్డ్ బేడింగ్‌ను నిలబెట్టగా సైడల్ ఓడిపోయాడు. అదే ఏడాది యూజీన్ డెబ్స్ అధ్యక్షపదవికి పోటీచేసినప్పుడు సైడల్ ఉపాధ్యక్షపదవికి అభ్యర్థి.

1916లో గెలిచిన న్యాయవాది డేనియల్ హోన్ 24 ఏళ్ళు మేయరుగా కొనసాగాడు. ఆయన కాలంలోనే, 1925లో, జోన్స్ ద్వీపంలో మురుగునీటి శుద్ధి కేంద్రం ప్రారంభమయ్యింది. అక్కడ మిగిలే మడ్డిని ఎండబెట్టి మిలార్గనైట్ అనే ఎరువుగా అమ్మసాగారు. ఆ ఎరువు అమ్మకం నేటికీ సాగుతున్నది. 1932లో న్యూయార్కు సోషలిస్టు నాయకుడు మోరిస్ హిల్క్విట్, ఎప్పుడూ తమ కాలువల గొప్పలే చెప్పుకునే మిల్వాకీ వారిని 'మురుగుకాలువ సోషలిస్టులు' అని ఎగతాళి చేశాడు. మురుగు చేరే సరస్సు నీటినే త్రాగి, టైఫాయిడ్ బారిన పడిన ఊరికి ఇది చిన్న విషయమేమీ కాదు. మిల్వాకీ వారు ఆ పేరును బిరుదుగానే స్వీకరించారు.

1940లో హోన్‌ను ఓడించినవాడు 32 ఏళ్ళ కార్ల్ జైడ్లర్. ప్రచారసభలలో పాటలు పాడి జనాన్ని ఆకట్టుకున్నాడు. 1942లో పదవిని వదలి నౌకాదళంలో చేరాడు. ఆ ఏడాదే దక్షిణాఫ్రికా సమీపంలో ఆయన ఉన్న నౌక మునిగిపోయింది. తమ్ముడు ఫ్రాంక్ జైడ్లర్ మాత్రం సోషలిస్టు. ఈయన 1948 - 1960 మధ్య మేయరుగా ఉండి, చుట్టుపక్కల ప్రాంతాలను కలిపి నగర విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేశాడు. పేదలకు ప్రభుత్వ గృహాలు కట్టించాలన్నందుకు, దక్షిణాది నుండి నల్లజాతీయులను పిలిపిస్తున్నాడన్న అబద్ధపు ప్రచారాన్ని 1956 ఎన్నికలలో ఎదుర్కొని గెలిచాడు. 1960లో పోటీ చేయలేదు.

హెన్రీ మేయర్

మేయర్ అనేది ఈయన ఇంటిపేరు కూడా. 1960 నుండి 1988 వరకు, అంటే 28 ఏళ్ళు, అందరికంటే ఎక్కువకాలం పదవిలో ఉన్నాడు. అప్పట్లో నల్లజాతీయులకు నగరంలోని చాలా వీధులలో ఇళ్ళు అమ్మేవారు కాదు, అద్దెకూ ఇచ్చేవారు కాదు. దీనిని నిషేధించాలని కౌన్సిల్ సభ్యురాలు వెల్ ఫిలిప్స్ 1962 నుండి పదేపదే తీర్మానం పెట్టినా, ఆమె ఓటు ఒక్కటే అనుకూలంగా పడేది. శివారు పట్టణాలకు వర్తించని చట్టం నగరానికి మాత్రమే వద్దన్నది మేయర్ వాదన. 1967 జులై 30న అల్లర్లు చెలరేగగా ఆయన కర్ఫ్యూ విధించి, నేషనల్ గార్డును రప్పించాడు. ఆగస్టు చివర ఫాదర్ జేమ్స్ గ్రోపీ, యువజనులు మొదలుపెట్టిన పాదయాత్రలు వరుసగా 200 రోజులు సాగాయి. 1968 ఏప్రిల్‌లో కేంద్ర చట్టం వచ్చిన తరువాతే నగర కౌన్సిల్ తన చట్టాన్ని ఆమోదించింది.

1988 తరువాత

జాన్ నార్క్విస్ట్ కాలంలో, 1993లో, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి నగరపు త్రాగునీటిలో చేరి సుమారు 4 లక్షలమంది జబ్బుపడ్డారు. ఆ తరువాత నీటి శుద్ధికి ఓజోన్ పద్ధతి ప్రవేశపెట్టారు. 2004లో కొద్ది నెలలు తాత్కాలిక మేయరుగా ఉన్న మార్విన్ ప్రాట్, ఈ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతీయుడు. ఆయనను ఓడించిన టామ్ బారెట్ 2021 డిసెంబరు వరకు పనిచేసి, లక్సెంబర్గ్‌కు రాయబారిగా వెళ్ళాడు. 2022 ఏప్రిల్‌లో గెలిచిన కావలియర్ జాన్సన్, ఓటర్లు ఎన్నుకున్న తొలి నల్లజాతి మేయరు. 2024లో ఆయన తిరిగి ఎన్నికయ్యాడు.