లూయిస్–క్లార్క్ బంగారు డాలరు

లూయిస్–క్లార్క్ బంగారు డాలరు 1904, 1905 సంవత్సరాల తేదీలతో అమెరికా ప్రభుత్వం ముద్రించిన స్మారక నాణెం. మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ 1804–1806 మధ్య నడిపిన అన్వేషణ యాత్రకు నూరేళ్లు నిండిన సందర్భంగా ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 1905లో పెద్ద ప్రదర్శన జరిగింది. ఈ నాణేన్ని ఆ ప్రదర్శన కోసమే తయారు చేశారు. రెండేళ్ల ముద్రణా కలిపి చివరికి మిగిలినవి సుమారు 20 వేలే. అమెరికా పడమటి సీమల చరిత్రను బంగారు నాణేల రూపంలో సేకరించేవారు ముందుగా వెతికేవాటిలో ఇది ఒకటి.

చారిత్రక నేపథ్యం

1803లో అమెరికా ఫ్రాన్స్ నుంచి లూసియానా ప్రాంతాన్ని కోటీ 50 లక్షల డాలర్లకు కొన్నది. మిసిసిపీ నదికి పడమరగా పరచుకున్న ఆ నేల విస్తీర్ణం సుమారు 8,28,000 చదరపు మైళ్లు. అక్కడ ఎన్నో మూలవాసి జాతులు తరతరాలుగా బతుకుతున్నాయి. కొనుగోలులో వారి మాటకు చోటు లేదు.

ఆ నేలనూ దానికి ఆవలి దారినీ తెలుసుకోవడానికి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ లూయిస్, క్లార్క్‌లను పంపాడు. వారి బృందం 1804 మేలో బయల్దేరి మిసోరీ నది వెంట ఎగువకు సాగింది. 1805 నవంబరులో పసిఫిక్ తీరానికి చేరి, 1806 సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌కు తిరిగివచ్చింది. దారిలో షోషోనీ మహిళ సకాజవేయా పసిబిడ్డను వీపున కట్టుకుని వారితో నడిచింది. కొండలు దాటడానికి గుర్రాలు కావలసి వచ్చినప్పుడు ఎదురైన షోషోనీ పెద్ద కమేయావైట్ ఆమె సోదరుడే. క్లార్క్ బానిసగా ఉంచుకున్న యార్క్ కూడా యాత్ర పొడుగునా కష్టపడ్డాడు. ఆకలితో అలసిన బృందానికి తిండి పెట్టి ఆదుకున్నవారు నెజ్ పర్స్ ప్రజలు.

ముందు వచ్చిన నాణెం

అమెరికా తొలి స్మారక బంగారు నాణేలు 1903 తేదీతో వచ్చిన లూసియానా కొనుగోలు డాలర్లు. సెయింట్ లూయిస్‌లో 1904లో జరిగిన ప్రదర్శన కోసం వీటిని జెఫర్సన్ బొమ్మతో ఒక రకం, అధ్యక్షుడు మెకిన్లీ బొమ్మతో మరో రకంగా తయారు చేశారు. మొత్తం రెండున్నర లక్షలు ముద్రించి, ఒక్కోటి 3 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. డాలరు నాణేనికి మూడింతల ధర చెల్లించడానికి జనం ముందుకు రాలేదు. ఒక్కో రకంలో 17,500 మాత్రమే మిగిలాయి, తక్కినవి కరిగిపోయాయి. అమ్మకాల బాధ్యత చూసిన నాణేల వర్తకుడు ఫారన్ జెర్బేయే పోర్ట్‌లాండ్ నాణేల వ్యవహారాన్నీ నడిపాడు.

రూపకల్పన, ముద్రణ

1904 ఏప్రిల్ 13న ఆమోదం పొందిన చట్టం రెండున్నర లక్షల నాణేల వరకు అనుమతించింది. ఫిలడెల్ఫియా టంకశాల ప్రధాన శిల్పి చార్లెస్ బార్బర్ నమూనా చెక్కాడు. ఒక వైపు లూయిస్ ముఖం, రెండో వైపు క్లార్క్ ముఖం. రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం అమెరికా ముద్రణలో అరుదు. నాణెం మీద ప్రదర్శన పేరులో తప్ప ఆ ఇద్దరికీ విడివిడిగా పేర్లు లేవు, అందువల్ల ఎవరు ఎవరో చూపరికి తెలియదు. చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ గీసిన చిత్తరువులు ఈ ముఖాలకు ఆధారం.

నాణెం బరువు 1.672 గ్రాములు, వ్యాసం సుమారు 15 మిల్లీమీటర్లు. అందులో 90 శాతం బంగారం, 10 శాతం రాగి. మామూలు బంగారు డాలరు ముద్రణ 1889లోనే ఆగిపోయింది. ఆ పాత కొలతలను స్మారక నాణేలకు తిరిగి వాడారు.

1904 తేదీతో 25,028 ముద్రిస్తే 15,003 కరిగించారు. 1905 తేదీతో 35,041 ముద్రిస్తే 25,000 కరిగించారు. ఈ లెక్కల్లోని 28, 41 పరీక్ష కోసం ముద్రించినవి. అవి కలిపి చూస్తే మిగిలినవి 10,025, 10,041. ప్రదర్శనకు 15 లక్షలకు పైగా జనం వచ్చినా, 2 డాలర్లు పెట్టి దీన్ని కొన్నవారు కొద్దిమందే. నాడు అమ్ముడుపోకపోవడమే నేటి అరుదుతనానికి అసలు కారణం.

ఇదే కోవలోని ఇతర బంగారం

పడమటి సీమల బంగారాన్ని సేకరించేవారు రెండు రకాల వస్తువులను వేరుచేసి చూడాలి. మొదటివి ఆ కాలంలో, ఆ నేల మీదే పుట్టినవి. 1848 జనవరిలో కాలిఫోర్నియాలోని సటర్ మిల్లు దగ్గర బంగారం బయటపడ్డాక ప్రభుత్వ టంకశాల దూరంగా ఉండడంతో అక్కడ నాణేల కొరత తీవ్రమైంది. ప్రైవేటు సంస్థలే నాణేలు ముద్రించాయి. 1849లో ఆరెగన్ ఎక్స్ఛేంజ్ కంపెనీ 5, 10 డాలర్ల నాణేలను బీవర్ బొమ్మతో తెచ్చింది. 1851లో అగస్టస్ హంబర్ట్ ముద్రతో ఎనిమిది పలకల 50 డాలర్ల నాణెం వచ్చింది. డెన్వర్‌లో క్లార్క్, గ్రూబర్ సంస్థ 1860లో పైక్స్ పీక్ కొండ బొమ్మతో నాణేలు వేసింది.

రెండోవి స్మారకాలు, అంటే చరిత్ర గడిచిపోయాక తయారైనవి. వీటిలో అన్నిటికన్నా ఘనమైనవి 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో పనామా–పసిఫిక్ ప్రదర్శనకు శిల్పి రాబర్ట్ ఎయిట్కెన్ రూపొందించిన 50 డాలర్ల నాణేలు. ఎనిమిది పలకల రకం హంబర్ట్ నాణేన్ని గుర్తుచేస్తుంది. కరిగించినవి పోగా ఆ రకంలో 645, గుండ్రటి రకంలో 483 మాత్రమే మిగిలాయి.

పూర్వపు నాణెం సంతలో చేతులు మారింది, స్మారకం మొదటి నుంచీ దాచుకోవడానికే పుట్టింది. ఈ తేడా తెలిస్తే సేకరణకు ఒక క్రమం ఏర్పడుతుంది.

సేకరించేవారు గమనించేవి

ఈ డాలర్లలో చాలావాటిని నాడు పిన్నులకు, బ్రూచీలకు అతికించి నగలుగా వాడారు. మన ఇళ్లలో కాసులపేరుకు గుచ్చిన కాసుల మీద మిగిలే టంకపు గుర్తులే ఈ నాణేల అంచుల మీదా కనిపిస్తాయి. నగగా ఉన్న జాడ ఉంటే ధర బాగా పడిపోతుంది, కానీ ఆ నాణేన్ని ఎవరో ఇష్టంగా ధరించారన్నదానికి అదీ ఒక సాక్ష్యమే. ధరతో పనిలేని సేకర్తకు అటువంటి నాణెం చవకగా దొరికే మంచి అవకాశం.

మెరుగు పెట్టిన నాణేన్ని కొనకూడదు. సన్నటి గీతలు, అసహజమైన నిగనిగ దాన్ని పట్టిస్తాయి. నాణెం స్థితిని 1 నుంచి 70 వరకు ఉండే కొలమానంతో చెబుతారు. వాడని నాణెం 60 దగ్గర మొదలవుతుంది. మేలిమి స్థితిలో 1905 నాణెం 1904 దానికన్నా అరుదు. నకిలీలు ఉన్నందువల్ల గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి మూసిన పెట్టెలో ఇచ్చిన నాణేన్నే నమ్మడం మేలు. బరువు, సాంద్రత కూడా చూడాలి. ఈ మిశ్రమం సాపేక్ష సాంద్రత సుమారు 17.2.

1933లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రజల దగ్గరి బంగారాన్ని ప్రభుత్వానికి అప్పగించాలని ఆజ్ఞ ఇచ్చాడు. అరుదైన నాణేలుగా సేకర్తలు విలువనిచ్చేవాటికి అందులో మినహాయింపు ఉంది. బంగారం దాచుకోవడంపై ఆంక్షలు 1974 డిసెంబరు 31న ముగిశాయి.

చోటు దక్కనివారు

నాణెం మీద ఇద్దరు కెప్టెన్లే ఉన్నారు. సకాజవేయా లేదు, యార్క్ లేడు, గుర్రాలిచ్చిన, అన్నం పెట్టిన జాతులూ లేవు. అయినా అమ్మకపు సొమ్ములో కొంత పోర్ట్‌లాండ్ వాషింగ్టన్ పార్కులోని సకాజవేయా కంచు విగ్రహానికి వెళ్లిందని నాణేల గ్రంథాలు చెబుతాయి. శిల్పి ఆలిస్ కూపర్ చేసిన ఆ విగ్రహాన్ని 1905 జులైలో ఆవిష్కరించారు. మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన సూసన్ ఆంథొనీ ఆ సభకు హాజరైంది.

నాణెం మీద సకాజవేయా రూపం 2000లో వచ్చింది. శిల్పి గ్లెన్నా గుడేకర్ చెక్కిన ఆ డాలరులో ఆమె బిడ్డను వీపున మోస్తూ కనిపిస్తుంది. రూపకల్పనకు షోషోనీ–బానక్ యువతి నమూనాగా కూర్చుంది. రంగు బంగారమే గాని, అందులో బంగారం లేదు. విలువ ఒక్క డాలరే. పడమటి సీమల చరిత్రను నిజాయితీగా చెప్పాలనుకునే సేకర్త దీన్ని అరుదైన 1904 నాణెం పక్కనే ఉంచాలి. యాత్రలో నడిచినవారందరి కథా ఒక్క బంగారు నాణెంతో పూర్తికాదు.