ఓడలో మనిషికెంత చోటు

హైదరాబాదు శివారులోని గోపన్‌పల్లికి దగ్గరలో ఉన్న సముద్రం కూడా దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా విప్రో సర్కిల్ చుట్టుపక్కల, నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు లేచిన అపార్ట్‌మెంట్లలో ఇవాళ చాలా కుటుంబాలు సెలవులకు ఓడ ఎక్కాలని ఆలోచిస్తున్నాయి. మొదటిసారి ఎక్కేవాళ్లకు ఓడను ఎంచుకోవడం కష్టం. బ్రోషర్లో కనిపించేవన్నీ జారుడుబల్లలు, షాండ్లియర్లు, పన్నెండు రకాల రెస్టారెంట్లు. ఏది ఖరీదైనదో ఇట్టే తెలుస్తుంది కానీ ఏది నిజంగా సుఖమైనదో తెలియదు. సముద్రానికి దూరంగా ఉన్న ఊరివాళ్లం, మనకు ఓడల గురించి ఏం తెలుస్తుందన్న సంకోచం కూడా తోడవుతుంది. ఆ సంకోచానికి ఆధారం లేదు. తెలుగువాళ్ల ఓడ ప్రయాణాల చరిత్ర పెద్దది. అందులో చాలా భాగం కష్టాల చరిత్ర. ఓడ మీద సుఖానికీ కష్టానికీ తేడా అలంకారంలో లేదనీ, మనిషికి దక్కే చోటులో, కడుపుకు పడే తిండిలో, ఒడ్డుకు చేరే తీరులో ఉందనీ ఆ చరిత్ర చెబుతోంది. విలాసపు ఓడను ఎంచుకోవడానికి కూడా అంతకంటే నమ్మదగిన కొలత మరొకటి లేదు.

గోపన్‌పల్లికి తూర్పున కనిపించే గోల్కొండ ఒకప్పుడు సముద్రపు రాజ్యానికి రాజధాని. అంతకు ముందే, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవాళ్లనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. సముద్రం మీద మనిషికి కావలసిన మొదటి సౌఖ్యం భద్రత అని ఆ రాజుకు తెలుసు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మోటుపల్లి వైభవం బందరుకు మారింది. పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగారు. సుల్తాను ఓడలు ఎర్రసముద్రపు రేవు మోఖాకు సరుకులతోపాటు మక్కా యాత్రికులనూ చేరవేసేవి. గోల్కొండలో అధికారం చెలాయించిన మీర్ జుమ్లాకు సొంత ఓడలే ఉండేవి. నరసాపురం దగ్గర ఓడలు కట్టేవాళ్లు. సముద్రంతో ఆ సంబంధం యుద్ధాలతో, వాటి వెంట వచ్చిన ఒప్పందాలతో తెగిపోయింది. 1759లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించాడు, 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులూ చేజారాయి. హైదరాబాదు సముద్రం లేని రాజ్యమైంది భూగోళం వల్ల కాదు, ఒప్పందాల వల్ల. ఆ తర్వాత ఇక్కడివాళ్లు ఓడ ఎక్కాలంటే బొంబాయికో మద్రాసుకో వెళ్లాల్సివచ్చింది. ఇప్పుడు శంషాబాద్‌లో విమానమెక్కి ముంబైకో సింగపూర్‌కో వెళ్లి ఓడ పట్టుకునేవాళ్లు ఆ పాత దారినే నడుస్తున్నారు.

సముద్రయానం కులాన్ని చెరుపుతుందన్న నిషేధం బౌధాయన ధర్మసూత్రం నాటినుంచీ ఉంది. రేవుల్లో వ్యాపారం చేసేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ, పందొమ్మిదో శతాబ్దపు అగ్రవర్ణ కుటుంబాలకు అది నిజమైన గోడే. ఆ గోడ దాటినవాళ్లలో పోతం జానకమ్మ ఒకరు. మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్లొచ్చి ఆమె తెలుగులో రాసుకున్న విశేషాలు 1876లో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. 1895లో హైదరాబాదు నుంచి పదహారేళ్ల సరోజిని (తర్వాతి సరోజినీ నాయుడు) నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండుకు చదువుకు వెళ్లింది. ఆ నిషేధం వెనుక ఉన్న భయం చాలావరకు తిండి భయం: ఎవరు వండారు, దేనిలో వండారు, ఎవరి పక్కన కూర్చుని తినాలి అని. ఇవాళ ఆ నిషేధాన్ని పాటించేవాళ్లు అరుదు. అయినా శాకాహారులైన పెద్దలతో ఓడ ఎక్కే కుటుంబానికి తిండి ప్రశ్న అలాగే ఉంది. భారతీయ ఓడల్లో శాకాహారం, జైన భోజనం మామూలుగా దొరుకుతాయి. విదేశీ విలాసపు ఓడల్లో వంటవాళ్లు అడిగితే చేసిపెడతారు, కానీ బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. వారం పాటు సముద్రం మీద ఉండే ఓడ దుకాణానికి పంపి పప్పు తెప్పించలేదు కదా.

ఇక ఈ చరిత్రలో ఎక్కువమంది తెలుగువాళ్లు ఎక్కిన ఓడల గురించి. కాకినాడ, భీమిలి, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు దశాబ్దాల పాటు రంగానికి, అంటే బర్మాలోని రంగూన్‌కు, కూలీలను మోశాయి. వరి మిల్లుల్లో, రేవు పనుల్లో, రిక్షా లాగడంలో తెలుగువాళ్లు ముందుండేవాళ్లు. 1931 జనగణన నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర పైనే. వాళ్లలో చాలామంది డెక్ ప్రయాణికులు, అంటే టికెట్టు ఉంటుంది గానీ గది ఉండదు. పక్కబట్టలు, తినుబండారాలు ఇంటినుంచి తెచ్చుకుని, మూటలు పరుచుకుని, నాలుగైదు రోజులు ఎవరికి దొరికిన చోట వాళ్లు పడుకునేవాళ్లు. ప్రయాణికుడికి ఇన్ని చదరపు అడుగులు ఇవ్వాలని చట్టాలు వచ్చాయంటే, చట్టం లేకపోతే ఆ మాత్రమూ ఇచ్చేవాళ్లు కాదని అర్థం. 1915లో గాంధీ కలకత్తా నుంచి రంగూన్‌కు డెక్ మీదే వెళ్లాడు. అక్కడి స్నానాల గదులు, మరుగుదొడ్ల కంపు గురించి ఆత్మకథలో రాశాడు. ఒడ్డు చేరడం మరో కష్టం. మన తీరంలో చాలా రేవుల్లో లోతు లేక స్టీమర్లు దూరాన లంగరు వేసేవి. పీచుతాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో అలల మీదుగా వెళ్లి, ఊగే ఓడ పక్కన నిచ్చెన పట్టుకోవాలి. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక ఓడలో చోటు దొరకనివాళ్లు లక్షల్లో కొండదారుల వెంట కాలినడకన వచ్చారు. దారిలో ఎందరో చనిపోయారు. ఓడలో చోటు అన్న మాటకు తెలుగు కుటుంబాలు చెల్లించిన ధర అది.

పందొమ్మిదో శతాబ్దంలోనే యూరప్‌లో, ఎక్కడికీ చేరాల్సిన అవసరం లేకుండా ఓడ ఎక్కే అలవాటు పుట్టింది. 1844లో పీ అండ్ ఓ కంపెనీ మధ్యధరా యాత్రలకు ప్రచారం కోసం నవలాకారుడు థాకరేను ఉచితంగా తీసుకెళ్లింది. 1891 జనవరిలో జర్మన్ కంపెనీ అధికారి ఆల్బర్ట్ బాలిన్, చలికాలంలో అట్లాంటిక్ ప్రయాణికులు తగ్గి ఖాళీగా ఉంటున్న ఆగస్టా విక్టోరియాను మధ్యధరా విహారానికి పంపాడు. యాత్ర బాగా సాగింది గానీ, ప్రయాణికులను చేరవేయడానికి కట్టిన ఓడ విహారానికి సరిపోదని తేలింది. దాంతో 1900లో కేవలం మొదటి తరగతి ప్రయాణికుల కోసం ప్రిన్జెసిన్ విక్టోరియా లూయిజె కట్టారు. దాని టన్నేజీ 4,400 మాత్రమే. విలాసం అంటే పెద్ద ఓడ అన్న లెక్క మొదట్లో లేదు. కొద్దిమంది, ఎక్కువ చోటు, చిన్న రేవుల్లోకి కూడా వెళ్లగలగడం, ఇదీ ఆ ఓడ ఉద్దేశం. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక చేరవేత ఓడల పని అయిపోయింది. 1966 తర్వాత మయామీ నుంచి సామాన్యుల క్రూయిజ్‌లు పెరిగాయి. 1986లో సీబోర్న్, 1994లో సిల్వర్‌సీ కంపెనీలు మళ్లీ పాత ఉద్దేశానికే తిరిగి వెళ్లాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఓడ టన్నేజీ అంటే బరువు కాదు, లోపలి ఘనపరిమాణానికి కొలత. దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే మనిషికెంత చోటో తెలుస్తుంది. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ టన్నేజీ దాదాపు 2,48,000, గదికి ఇద్దరు చొప్పున ప్రయాణికులు 5,610, అంటే తలకు 44. సిల్వర్‌సీ కంపెనీ ఓడ సిల్వర్ మ్యూజ్ దానిలో ఆరోవంతు కూడా లేదు, టన్నేజీ 40,700. కానీ ఎక్కేది 596 మందే, తలకు 68. మన కార్డీలియా ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, టన్నేజీ 48,500. గదికి ఇద్దరు చొప్పున దాదాపు 1,600 మంది అనుకున్నా తలకు 30 దగ్గర ఆగుతుంది. జలపాతాలూ జారుడుబల్లలూ ఏ ఓడలో ఉన్నాయో బ్రోషర్ చెబుతుంది. భోజనానికి వరుసలో నిలబడాలా, డెక్ మీద కుర్చీ కోసం పొద్దున్నే తువ్వాలు వేసి రావాలా అన్నది ఈ లెక్క చెబుతుంది. సిబ్బంది సంఖ్యనూ ఇలాగే చూడాలి. సిల్వర్ మ్యూజ్‌లో ముగ్గురు ప్రయాణికులకు సుమారు ఇద్దరు సిబ్బంది. విలాసపు ఓడల టికెట్టులో సాధారణంగా పానీయాలు, టిప్పులు కలిసే ఉంటాయి. రీజెంట్ సెవెన్ సీస్ అయితే ఒడ్డుమీది యాత్రలనూ కలిపేస్తుంది. చౌక టికెట్టు కొని ఇవన్నీ విడిగా కట్టేవాళ్లు తేడా ఎంతో చివర్లో గానీ చూసుకోరు.

డెక్ కూలీల బతుకుపోరునూ సంపన్నుల విహారాన్నీ ఒకే కొలతతో తూచడం తప్పని ఎవరైనా అనొచ్చు. రెండు బతుకులూ ఒకటి కావు, నిజమే. కానీ ఓడ కంపెనీకి అప్పుడూ ఇప్పుడూ ఆదాయం చోటునుంచే. రంగం స్టీమర్‌లో డెక్ మీద ఎంతమందిని ఎక్కించొచ్చో లెక్కేసిన పద్ధతే నేటి పెద్ద ఓడలో గదుల సంఖ్యనూ నిర్ణయిస్తోంది. ఇంతకంటే బలమైన అభ్యంతరం కుటుంబానిది. గోపన్‌పల్లి నుంచి బయల్దేరేది ఒక జంట కాదు, తాతయ్య నుంచి మనవడి దాకా మూడు తరాలు. చిన్న విలాసపు ఓడలు ఎక్కువగా పెద్దవయసు జంటలవి, అక్కడ పదేళ్ల పిల్లవాడికి రెండోరోజే విసుగొస్తుంది. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అలాంటి కుటుంబానికి పెద్ద ఓడలో వేరుచేసిన భాగం సరైనది. ఎంఎస్‌సీ కంపెనీ 2008లో ఫాంటసియా ఓడలో యాట్ క్లబ్ పేరుతో తెచ్చినట్టు, సొంత రెస్టారెంటు, సొంత డెక్ ఉన్న సూట్ల విభాగం అది. పాత స్టీమర్ల మొదటి తరగతి మళ్లీ తలుపు వేసుకుని కూర్చుందని దాన్ని విమర్శించొచ్చు, ఆ విమర్శలో నిజముంది. అయినా పిల్లలకు ఆటలూ పెద్దలకు నిశ్శబ్దమూ ఒకే ఓడలో దొరికే దారి అదే. చిన్న ఓడ ఎక్కువ ఊగుతుందనీ, వాంతుల భయం ఉన్నవాళ్లకు పెద్దదే మేలనీ మరో మాట. దానికి జవాబు 1871లోనే దొరికింది. వైట్ స్టార్ కంపెనీ ఓషియానిక్ ఓడలో మొదటి తరగతిని వెనుకభాగం నుంచి నడిమికి మార్చింది, ఊపు అక్కడ తక్కువ కనుక. చిన్న ఓడలోనైనా మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకుంటే తేడా తెలుస్తుంది. బాల్కనీ మోజుతో పైఅంతస్తు చివరి గది కొనడం మొదటిసారి ఎక్కేవాళ్లు చేసే పొరపాటు.

మసూలా పడవల కష్టం కూడా పోలేదు. చాలా అందమైన దీవుల దగ్గర ఓడ ఇప్పటికీ దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు పంపుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను తీసుకెళ్లేవాళ్లు కార్యక్రమంలో ఏ రేవుల్లో ఓడ గట్టుకే ఆనుతుందో ముందే కనుక్కోవాలి. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఇంకో చిక్కుంది. విదేశంలో కట్టిన ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి అమెరికా చట్టం. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడలు కెనడాలోని విక్టోరియా లాంటి రేవులో ఆగుతాయి. అమెరికా వీసా ఒక్కటే చాలదు. మధ్యధరాలో గ్రీసు నుంచి టర్కీకి వెళ్లి మళ్లీ గ్రీసు చేరే యాత్రకు షెంగెన్ వీసా ఒకటికి మించి ప్రవేశాలకు పనికొచ్చేదిగా ఉండాలి.

మన తీరానికి ప్రయాణికుల ఓడలు తిరిగి వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ విశాఖ నుంచి చెన్నై వైపు విహారయాత్రలు నడిపింది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. విశాఖలో ఎక్కే రెండు మూడు రాత్రుల యాత్ర విలాసం కాదు, ఆ పేరుతో కొనకూడదు. కానీ ఓడ ఊగడం ఒంటికి పడుతుందా, చిన్న గదిలో నిద్ర పడుతుందా, సముద్రం తప్ప ఏమీ కనిపించని రోజు మనసుకు హాయిగా ఉందా అన్నవి తేల్చుకోవడానికి అది చాలు. బంగాళాఖాతంలో జూన్ నుంచి నైరుతి గాలులు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు ఉంటాయి కనుక జనవరి నుంచి మార్చి లోపు ఓడ నడిస్తే అప్పుడు వెళ్లడం మంచిది. ఆ తర్వాత పెద్ద డబ్బు పెట్టే ఓడ దగ్గరికి వచ్చినప్పుడు, ఏజెంటును ముందు అడగాల్సింది ఆ ఓడ టన్నేజీ, ఎక్కేవాళ్ల సంఖ్య.