రూపాయి నుంచి నాలుగణాలకు

నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం 1937లో నిజామాబాదులో జరిగింది. అధ్యక్షులు మందుముల నరసింగరావు గారు. మా కమ్మర్‌పల్లికి జిల్లా కేంద్రం నిజామాబాదే కనుక ఆ సభ మీద నాకు కాస్త అభిమానం ఎక్కువ. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాతి ఏడేళ్ళ కాలం. ఒకే పందిరి కింద కూర్చున్నవారు 1944 నాటికి ఒకరు పిలిచిన సభకు మరొకరు వెళ్ళని స్థితికి ఎలా వచ్చారు?

ఈ సంస్థ పుట్టుకే ఒక అవమానంలోంచి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్లో కార్వే గారి అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరుగుతుండగా, ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గోల చేసి అడ్డుకున్నారు. ఆ బాధలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన అది ఆంధ్ర మహాసభ రూపం దాల్చింది. విశేషమేమంటే, భాష కోసం పుట్టిన ఆ సభకు నిజామాబాదులో అధ్యక్షత వహించిన మందుముల వారు 'రయ్యత్' అనే ఉర్దూ పత్రికను నడిపినవారు. అంతటి వైశాల్యం ఆ పందిరికి ఉండేది.

1940 తర్వాత ఆ పందిరి రాటలు కదిలాయి. అధ్యక్ష పీఠం 1941లో చిలుకూరులో రావి నారాయణరెడ్డి గారికి, 1943లో హైదరాబాదులో కొండా వెంకట రంగారెడ్డి గారికి, 1944లో భువనగిరిలో మళ్ళీ రావి వారికి దక్కింది. ఎవరు కూర్చోవాలన్నదే పెద్ద ప్రశ్న అయిపోయింది. భువనగిరి సభకు మితవాదులు దూరంగా ఉండిపోయారు. అక్కడే సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు.

పైకి చూస్తే ఇది పద్దు పుస్తకంలో ఒక చిన్న మార్పు. చిలికి చిలికి గాలివాన చేసుకున్నారని నవ్వుకోవచ్చు కూడా. చిన్న తేడాల పట్ల మనిషికుండే మోహం గురించి ఫ్రాయిడ్ చెప్పిన మాటను ఇక్కడ అతికించనూ వచ్చు. కానీ నాకది చాలదనిపిస్తుంది. రూపాయి ఇవ్వగలిగినవాడు వకీలో, పట్టాదారో, పట్నంలో చదువుకున్నవాడో. నాలుగణాలు వెట్టివాడు కూడా ఎలాగో కూడబెట్టగలడు. అంటే అసలు ప్రశ్న రుసుము గురించి కాదు: ఈ సభ ఎవరిది? మహజర్లు రాసేవారిదా, వెట్టి మోసేవారిదా? దీనికి తోడు యుద్ధకాలపు రాజకీయం. 'ప్రజాయుద్ధం' అన్న కమ్యూనిస్టులకూ 'క్విట్ ఇండియా' అన్న జాతీయవాదులకూ నడుమ పెరిగిన అపనమ్మకం ప్రతి చిన్న మాటకూ విషం పూసింది.

పెద్ద ప్రశ్నను ఎదురుగా కూర్చుని అడిగే ధైర్యం లేనిచోట చిన్న ప్రశ్నలు కత్తులవుతాయి. కుర్చీ, రుసుము, తీర్మానంలో ఒక పదం... వీటి మీద తగవు సులభం. భూమి మీద, వెట్టి మీద తగవు పడాలంటే తన ఇంటి గడపనూ ప్రశ్నించుకోవలసి వస్తుంది.

ఫలితం ఇరువైపులా కనిపించింది. నాలుగణాల సభ ఊళ్ళలోకి వెళ్ళి జనం నోట 'సంగం' అయింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగింది ఆ సంగం మనిషిగానే. రెండో వర్గం వేరుగా సభ నడిపి, 1946లో నిషేధం తొలగిన స్టేట్ కాంగ్రెసులో కలిసిపోయింది. రజాకార్ల దౌర్జన్యం ఊళ్ళ మీద పడిన 1947, 48 సంవత్సరాల్లో అందరూ కలిసి కూర్చునే ఆ పాత పందిరి మాత్రం లేదు. విడిపోవడం తప్పనిదే కావచ్చు. మాట్లాడుకునే చోటు కూడా పోవడం తప్పనిదని నేననుకోను.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు బరిలో నిలిచిన 185 మందిలో 178 మంది రైతులే. పసుపుకూ ఎర్రజొన్నకూ ధర అన్న ఒక్క మాట వారిని కలిపింది. 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది. దాని ఘనత ఎవరిదన్న తగవుకు దిగేవారిని ఒక్క మాట అడగాలనుంది: ఈ చిన్న ప్రశ్న వెనుక మనం అడగకుండా దాటవేస్తున్న పెద్ద ప్రశ్న ఏది?