పడ్డా లేచే దడి: మేడారం గుంజలు చెప్పే చరిత్ర

2023 జూలై 27. ఆ తేదీని మన ములుగు అడవి పల్లెలు మరిచిపోవు. లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకు ముందెన్నడూ అంత వాన నమోదు కాలేదు. జంపన్న వాగు ఒడ్డు దాటి మేడారంలోకి వచ్చింది. గోవిందరాజు ఊరైన కొండాయిలో మనవాళ్లు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ముందుగా వాళ్లకు జోహార్లు. అంత పెద్ద దుఃఖం ముందు మేం చెప్పబోయేది చిన్న సంగతే. అయినా చెప్పాలి. ఎందుకంటే నీళ్లు తీశాక ఊరు మళ్లీ నిలబడడం మొదలయ్యేది ఇలాంటి చిన్న పనులతోనే.

మా హాస్టల్ వెనక వైపు సిమెంటు కడీలు, ఇనుప జాలీ ఉండేవి. వరద తీశాక చూస్తే వరసగా పన్నెండు కడీలు నేల మట్టానికి విరిగి పడి ఉన్నాయి. జాలీకి కంప, చెత్త, బురద చుట్టుకుంది. పక్క పెరట్లో ఒక తాత దడి కూడా పడిపోయింది. మూడో రోజు పొద్దుటికి తాత దడి లేచింది. మా కంచె మాత్రం అంచనాలు, మంజూరు, టెండరు అంటూ నెలల తరబడి అట్లనే పడి ఉంది. ఆడపిల్లల హాస్టల్ కదా, ఆ నెలలు రాత్రిపూట మాకు కంటి మీద కునుకు లేదు.

ఎనిమిదో తరగతి పాప ఒకతి అడిగింది: "మేడమ్, గట్టిది మనది కదా, మరి తాతది ముందెట్ల లేచింది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మేం మేడారం చరిత్రలోకే పోయాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ దారిలో తెలుసుకున్నది ఈ సంచికలో మీకు చెబుతున్నాం.

దడిలో ముందు తెగాల్సింది ఏది?

తాతనే అడిగాం. ఆయన నవ్వి, "ముందు కట్టు తెగాలె, తర్వాత బద్ద విరగాలె, గుంజ ఆఖరుకు పోవాలె. మీ దాంట్ల గుంజనే ముందు పోయింది" అన్నాడు. ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పే పాఠం ఆ ఒక్క మాటలో ఉంది.

దడి కట్టడం ఎట్లాగో ఊర్లో పెరిగినవాళ్లకు తెలుసు. హాస్టళ్లలో, పట్నాల్లో పెరిగినవాళ్ల కోసం చెబుతున్నాం. రెండు మూడు అడుగులకొక గుంజ పాతుతారు. అడ్డంగా వెదురు బద్దలు రెండు మూడు వరసలు పెడతారు. వాటి నడుమ నిలువుగా కట్టెలో తడకలో దూర్చి నారతో కడతారు. మోదుగ వేరు నార, ఆరె నార, అడ్డతీగ నార, ఏది దొరికితే అది. మేకు ఒక్కటి కూడా ఉండదు. మేకు కొడితే కట్టె చీలుతుంది, తీస్తే మళ్లీ పనికిరాదు. కట్టును మాత్రం కోస్తే ఊడుతుంది, మళ్లీ కడితే నిలుస్తుంది. వరద నెట్టినప్పుడు కట్లు తెగి దడి వాలిపోతుంది, నీళ్లు పైనుంచి పోతాయి. గుంజలు చాలావరకు నేలలోనే మిగులుతాయి. మా జాలీ అట్లా కాదు. చెత్త చుట్టుకుని అడ్డకట్టలా నిలబడింది, నీటి బరువంతా కడీల మీద పడింది, కడీలు మొదట్లో విరిగాయి.

గుంజ విషయంలోనూ పెద్దలకు లెక్క ఉంది. పాతిన గుంజ లోతున అంత తొందరగా పుచ్చదు, పైన ఎండలోనూ పుచ్చదు. నేల మట్టం దగ్గర, గాలీ తడీ రెండూ తగిలే జానెడు మేరలోనే పుచ్చుతుంది. అందుకే బెరడు తీసి, చేవ ఉన్న కట్టె ఏరి, మొదలును మంట మీద కాల్చి పాతేవారు. నల్లమద్ది, ఏగిస, చండ్ర వంటి చేవ కట్టెలు మూలలకు, వాకిలికి. నడుమ గుంజలకు వెదురో చిన్న కట్టో. వెదురును నేరుగా మట్టిలో పాతితే ఒకటి రెండేళ్లకు మించి ఉండదని వాళ్లకు తెలుసు. అందుకే దాన్ని మార్చుకోవడానికి వీలుగానే కట్టేవారు. గుంపెన కొమ్మ పాతితే అది చిగురు వేసి తానే చెట్టవుతుంది. దాన్ని బాగు చేయాల్సిన పనే లేదు, తనను తానే బాగు చేసుకుంటుంది.

మేడారంలో నిలిచింది రాయి కాదు

ఇప్పుడు అసలు చరిత్రకు వద్దాం. సమ్మక్క సారలమ్మల కథ మీకు కొత్త కాదు. కరువు కాలంలో కప్పం కట్టమన్న కాకతీయ రాజ్యంతో మన పెద్దలు పోరాడారని, సంపెంగ వాగులో జంపన్న ఒరిగిపోతే ఆ వాగు జంపన్న వాగయిందని, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణెగా దొరికిందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఇన్ని వందల ఏళ్లుగా నిలిచిన ఈ కొలువులో పాతకాలపు రాతి గోపురం లేదు, విగ్రహం లేదు. మరి ఏం నిలిచింది?

జాతర ముందు రోజులు గమనించండి. రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె. అమ్మవార్ల గుళ్లు ఒకప్పుడు గడ్డి గుడిసెలే. పూజారులు అడవికి పోయి వాసాలు, గడ్డి తెచ్చి, పాత కప్పు తీసి కొత్తది వేసే పండుగ అది. ఇప్పుడు పక్కా కట్టడం వచ్చినా గుడి శుద్ధి చేయడం, అలకడం, ముగ్గు పెట్టడం ఆగలేదు. వారం ముందు బుధవారం మండమెలిగె. ఊరి పొలిమేరల్లో కర్రలు నాటి, తోరణం కట్టి ఊరిని కాపాడుకునే రోజు. జాతరలో గురువారం అడవి నుంచి వెదురు, అంటే కంకవనం, తెచ్చి గద్దె మీద నిలుపుతారు. ఆ సాయంత్రమే చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి వస్తుంది. శనివారం దేవతలు మళ్లీ వనానికి పోతారు.

అంటే రెండేళ్లకొకసారి కప్పు మారుతుంది, పొలిమేర కర్ర మారుతుంది, గద్దె మీద వెదురు మారుతుంది. మారనిది పని. ఏ కర్ర ఎక్కడ నుంచి తేవాలి, ఎవరు తేవాలి, ఎట్లా నిలపాలి అన్న ఎరుక. మన పెద్దలు మనకు వదిలిపోయింది కట్టడాన్ని కాదు, కట్టడం తెలిసిన చేతులను.

ఇది మన ఒక్కరి ఆలోచనే అనుకోకండి. జపాన్‌లో ఇసే అనే చోట ఒక పెద్ద దేవాలయం ఉంది. దాన్ని కట్టెతో కడతారు. ఇరవై ఏళ్లకొకసారి పక్క స్థలంలో మళ్లీ కొత్తగా కట్టి, పాతదాన్ని విప్పేస్తారు. ఏడో శతాబ్దంలో మొదలైన ఆ పని 2013లో 62వ సారి జరిగింది. వడ్రంగి కుర్రవాడిగా ఒకసారి, పెద్ద మేస్త్రీగా ఇంకోసారి ఆ పనిలో ఉంటాడు కాబట్టి విద్య తెగిపోదు. ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుంటుంది. మన గుడిమెలిగె రెండేళ్లకే వస్తుంది. మనం దాన్ని ఆ కంటితో చూసుకున్నామా?

పొలాల సంగతీ అంతే. మేడారం, కన్నెపల్లి, రెడ్డిగూడెం, ఊరట్టం పొలాలు జాతర రోజుల్లో లక్షల మందికి విడిది. దడి ఉన్నచోట విప్పాలి, భక్తులు పోయాక మళ్లీ కట్టాలి. విప్పడానికి రాని దడి అక్కడ తొక్కిసలాటలో నుజ్జవుతుంది. రెండేళ్లకొకసారి విప్పి కట్టుకునే ఊరికి కట్టు దడి కంటే సరైనది ఏముంటుంది?

ఆ విద్య ఎట్లా సడలింది

గుంజ కావాలంటే అడవి కావాలి. నిజాం కాలంలోనే అడవికి హద్దు రాళ్లు పడ్డాయి. అప్పటిదాకా ఇంటి వెనక వస్తువైన వెదురు అనుమతి అడగాల్సిన సరుకైంది. మరోవైపు అదే వెదురు కాగితం మిల్లులకు లారీల మీద పోయింది. మన దడికి పది బొంగులు తెస్తే తప్పు, మిల్లుకు పది వేల టన్నులు పోతే వ్యాపారం! ఈ తేడాను మన తాతలు కళ్లారా చూశారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. సంప్రదాయంగా సేకరించుకునేవాళ్లకు దాని మీద హక్కు ఉందని రాసింది. చట్టం చదవండి, గ్రామసభలో మాట్లాడండి. హక్కుతో పాటు బాధ్యత కూడా మనదే. పొదలో లేత బొంగులు వదిలి, మూడేళ్లు దాటిన ముదురు బొంగులే కోయాలన్నది పాత కట్టుబాటు. లేత బొంగు తొందరగా పురుగు పడుతుంది కూడా.

ఈలోగా సిమెంటు కడీ, ముళ్లతీగ వచ్చాయి. వాటిని తప్పు పట్టడం లేదు. కొన్నిచోట్ల అవే కావాలి. కానీ విరిగితే బాగు చేసే విద్య ఊర్లో లేదు, కొనాలి. కొనలేనివాళ్లు ఏం చేస్తున్నారో మీకు తెలుసు. అడవి పందులకని చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతున్నారు. అది నేరమని చెప్పడం ఒకెత్తు. దానికి బలయ్యేది పంది ఒక్కటే కాదు. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన రైతు, మేతకు పోయిన ఆవు, పొరుగింటి పిల్లవాడు, అడవిలో తిరిగే పులి కూడా ఆ తీగకు పోతున్నాయి. దడి కట్టే విద్య పోయిన చోట చావు తీగ వస్తోంది. తమ్ముళ్లూ, మీ ఇంట్లో ఎవరైనా ఆ తీగ లాగుతుంటే నాన్నయినా సరే, పెదనాన్నయినా సరే, ఆపండి. ఈ వ్యాసం అంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట మరవకండి.

మేం చేసి చూసింది

తాత చెప్పింది విని, మంజూరు వచ్చేదాకా ఆగకుండా, మేమూ పిల్లలూ ఆదివారాలు కూర్చుని వెనక వైపు కంచె మళ్లీ వేసుకున్నాం. పాత విద్యకు కొత్త సామాను కొంచెం కలిపాం. చిన్న పనే కానీ మీ ఊర్లో పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

మొదటిది: గుంజను రెండు ముక్కలు చేశాం. విరిగిన కడీల ముక్కల్లో మూడడుగుల వాటిని ఏరి, సగం నేలలో, సగం పైన ఉండేలా పాతాం. దాని పక్కన నిలువు కర్రను పెట్టి రెండు చోట్ల గట్టిగా కట్టాం. కర్ర మొదలు నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఆగుతుంది. తడి తగలదు, చెద తొందరగా ఎక్కదు. కర్ర విరిగితే రెండు కట్లు కోసి కొత్తది పెడితే చాలు, గుంత తవ్వే పని లేదు.

రెండోది: గుంతలో కాంక్రీటు పోయలేదు. రాళ్లు, మొరం వేసి పొరపొరకూ గడ్డపారతో దిమ్మిస చేశాం. గట్టిగానే ఉంది, కావాలంటే పెకలించవచ్చు.

మూడోది: కర్రలన్నీ ఒకే పొడవు, తడకలన్నీ ఒకే కొలత. ఇరవై గుంజలకు రెండు కర్రలు అదనంగా సామాన్ల గదిలో పెట్టాం. ఏది పోయినా ఆ రెండింటిలో ఒకటి అక్కడ సరిపోతుంది.

నాలుగోది: వాగు వైపు తడకలను పైన గట్టిగా, కింద సన్నని నారతో కట్టాం. నీళ్లు ఒత్తితే కింద నార తెగి తడక తలుపులా లేస్తుంది, చెత్త దాటిపోతుంది. తాత చెప్పిన "ముందు కట్టు తెగాలె" అన్నది ఇదే.

తప్పులూ చేశాం. తొందరలో నాలుగు వెదుర్లను నేరుగా మట్టిలో పాతితే ఏడాది తిరక్కుండా చెద తినేసింది. ఒక మూలన గట్టి కట్టె దొరకక వెదురే పెడితే మూల వాలిపోయింది. మూలలకు చేవ కట్టె ఎందుకంటారో అప్పుడు అర్థమైంది.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన గాలికి గంటల్లోనే 50 వేలకు పైగా చెట్లు కూలాయి. ఆ గాలి కొస మాకూ తగిలింది. చెట్టు కొమ్మ పడి మూడు తడకలు, రెండు కర్రలు విరిగాయి. మరుసటి పొద్దున పిల్లలు అల్పాహారం తర్వాత మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం గంటకు ముందే కంచె నిలబెట్టారు. ఏడాది కిందట ప్రశ్న అడిగిన పాపే ఈసారి కట్లు కట్టింది. అదే ఏడాది డిసెంబరు 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు పిల్లలు భయపడి బయటికి పరుగెత్తారు. కాసేపటికి తేరుకుని, వాళ్లంతట వాళ్లే పోయి దడి కట్లు చూసి వచ్చారు. ఒక వస్తువును మనం బాగు చేయగలం అని తెలిస్తే దాని మీద బాధ్యత కూడా వస్తుందని ఆ రోజు మాకు తెలిసింది.

మీకు ఒక పని

2026 జాతర నాటికి గద్దెల ప్రాంగణం రాతితో విశాలమైంది. అంతమంది భక్తులకు ఆ గట్టి కట్టడాలు అవసరమే. కానీ రాయి వచ్చిందని గుంజ మరిచిపోతే, గుడిమెలిగె ఎందుకు చేస్తామో కూడా ఒక రోజు మరిచిపోతాం.

తర్వాతి జాతర 2028లో. అప్పటిలోగా ప్రతి ఊర్లో ఒక్కరైనా ఈ పని చేయండి. మీ తాతలు, అవ్వల దగ్గర కూర్చుని దడి గుంజకు, కట్టుకు, నారకు మన కోయ మాటల్లో పేర్లు అడిగి రాసుకోండి. ఏ చెట్టు మూలకు, ఏది నడుమకు అని అడగండి. ఫోన్‌లో వీడియో తీయండి. తీసి ఆగిపోకండి. ఒక బారెడు దడి మీ చేతులతో కట్టి, విప్పి, మళ్లీ కట్టండి.

ఆ పాప ప్రశ్నకు మా జవాబు ఇప్పుడు సిద్ధంగా ఉంది: తాత దడి గట్టిది కావడం వల్ల ముందు లేవలేదమ్మా. అది ఎట్లా పడుతుందో, ఎట్లా లేపాలో తాతకు ముందే తెలుసు కాబట్టి లేచింది.

సమ్మక్క సారలమ్మ తల్లులకు జోహార్లు.