నీలగిరి పర్వత రైలు: ఆవిరి బండిలో కొండెక్కి, కాలినడకన కొండను చూసే కుటుంబ విహారం

తమిళనాడులో నీలగిరుల పాదాల చెంత ఉన్న మెట్టుపాళయం నుంచి కొండపైన ఉన్న ఉదకమండలం, అంటే ఊటీ, చేరేందుకు రోడ్డు మార్గంలో సుమారు రెండు గంటలు పడుతుంది. అదే దూరానికి నీలగిరి పర్వత రైలు దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. అయినా వేసవి సెలవులు వచ్చేసరికి ఈ రైలులో సీటు దొరకడం కష్టమే. చిన్న పెట్టెలు, చెక్క బల్లలు, వెనుక నుంచి నెట్టే ఆవిరి ఇంజను, దారి పొడవునా లోయలు, తేయాకు తోటలు దీని ఆకర్షణలు. పిల్లలు, పెద్దలు కలిసి రైలు ప్రయాణాన్ని, కొండదారుల్లో నడకను జోడించి గడపదగిన విహారాలలో ఇది ఒకటి.

ఈ విహారాన్ని ఎంచుకునే కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మొత్తం మార్గంలో ఆవిరి ఇంజను నడవదు. మెట్టుపాళయం నుంచి కూనూరు వరకే ఆవిరి ఇంజను ఉంటుంది. కూనూరు నుంచి ఊటీ వరకు సాధారణంగా డీజిల్ ఇంజను బండిని లాగుతుంది. నేరుగా ఊటీకి వెళ్లి, అక్కడి నుంచి కూనూరు వరకు రైలెక్కి వచ్చే పర్యాటకులకు ఆవిరి బండి గాని, ఈ మార్గానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చిన పళ్ల పట్టా గాని కనిపించవు. వాటిని చూడాలంటే కింది భాగంలో ప్రయాణించాలి.

యాభై ఏళ్ల నిరీక్షణ

నీలగిరులకు రైలు మార్గం వేయాలన్న ప్రతిపాదన 1854లోనే వచ్చింది. ఆ కొండల వాలు మీద పట్టాలు వేయడం అప్పటి ఇంజనీర్లకు పెద్ద సవాలుగా నిలిచింది. స్విట్జర్లాండులో పర్వత రైళ్లను రూపొందించిన నిక్లాస్ రిగెన్‌బాక్ వంటి నిపుణులతోనూ సంప్రదింపులు జరిగాయి. చివరకు 1891లో పనులు మొదలయ్యాయి. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు రైలు నడిచింది. తొలి ఆలోచనకు, చివరి స్టేషనుకు మధ్య అర్ధ శతాబ్దానికి పైగా గడిచింది.

ఊటీ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని. నేటి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి, తెలుగు ప్రాంతాలకు సంబంధించిన పాలనా నిర్ణయాలు కూడా వేసవి నెలల్లో ఈ కొండల మీద జరిగేవి. కోయంబత్తూరు కలెక్టరుగా పనిచేసిన జాన్ సల్లివాన్ 1819లో ఈ కొండలపైకి వచ్చి, తర్వాతి కాలంలో ఇక్కడ నివాసం ఏర్పరచుకోవడంతో ఊటీ పట్టణానికి పునాది పడింది.

యునెస్కో 2005లో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1999లో ఆ గుర్తింపు పొందిన డార్జిలింగ్ హిమాలయ రైల్వే, 2008లో చేరిన కాల్కా–సిమ్లా రైల్వేలతో కలిపి ఈ మూడింటినీ ‘భారత పర్వత రైల్వేలు’గా వ్యవహరిస్తున్నారు. వీటిలో పళ్ల పట్టా ఉన్నది నీలగిరి మార్గంలో మాత్రమే.

పళ్ల పట్టా ఎలా పనిచేస్తుంది?

మెట్టుపాళయం సముద్ర మట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉండగా, ఈ మార్గం 2,203 మీటర్ల వరకు ఎక్కుతుంది. 46 కిలోమీటర్ల మార్గంలో 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నాయి. కల్లారు దాటిన తర్వాత అసలైన ఎక్కుడు మొదలవుతుంది. అక్కడి నుంచి కూనూరు వరకు కొన్ని చోట్ల సుమారు 12 మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు పైకి ఎక్కే వాలు ఉంటుంది.

మామూలు రైలుకు ఇంత వాలు సాధ్యం కాదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారిపోతుంది. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే మార్గం కూడా కొండల్లోనే సాగినా, అక్కడ వాలును తగ్గించేందుకు దారిని చుట్టూ తిప్పి సాధారణ పట్టాలే వేశారు. నీలగిరిలో మరో ఉపాయం అవలంబించారు. రెండు పట్టాల నడుమ పళ్లున్న రెండు ఇనుప కడ్డీలను పక్కపక్కనే అమర్చారు. ఇంజను అడుగున ఉన్న పళ్ల చక్రాలు ఈ కడ్డీల పళ్లలో ఇమిడి తిరుగుతూ బండిని పైకి నెడతాయి. రెండు కడ్డీల పళ్లూ ఎదురెదురుగా కాక ఒకదానికొకటి కొంచెం ముందువెనుకలుగా ఉంటాయి. అందువల్ల ఏ క్షణంలోనైనా పళ్ల చక్రానికి పట్టు దొరుకుతుంది. దీనిని రూపొందించిన స్విస్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ పేరు మీద ఈ విధానాన్ని ‘ఆప్ట్ పద్ధతి’ అంటారు.

ఇక్కడి ‘ఎక్స్’ తరగతి ఇంజన్లకు నాలుగు సిలిండర్లు ఉంటాయి. అధిక పీడనంతో వచ్చిన ఆవిరి మొదటి రెండు సిలిండర్ల ద్వారా మామూలు చక్రాలను తిప్పుతుంది. వాటి నుంచి వెలువడిన ఆవిరి వృథాగా పోదు. మిగిలిన రెండు సిలిండర్లలోకి వెళ్లి పళ్ల చక్రాలను తిప్పుతుంది.

ఎక్కేటప్పుడు ఇంజను పెట్టెలకు ముందు ఉండదు. కింది వైపున ఉండి పైకి నెడుతుంది. పెట్టెలు ఎప్పుడూ ఇంజనుకు పైవైపునే ఉంటాయి కనుక లంకె తెగినా అవి వాలు వెంట జారిపోకుండా ఇంజను అడ్డుగా నిలుస్తుంది. అయితే వెనుక ఉన్న డ్రైవరుకు ముందున్న దారి కనిపించదు. అందుకే పెట్టెల ముందు భాగాల్లో బ్రేక్స్‌మన్లు నిలబడి, పచ్చ, ఎర్ర జెండాలతో ఒకరి నుంచి మరొకరికి సంకేతాలు అందిస్తూ డ్రైవరుకు దారి చెబుతారు. పళ్ల పట్టా మీద వేగ పరిమితి గంటకు 13 కిలోమీటర్లు.

ఇంజన్లతో పాటు పనితనమూ

ఈ ఇంజన్లను మొదట స్విట్జర్లాండులోని వింటర్‌తుర్ కర్మాగారంలో తయారుచేశారు. కొన్ని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నాటివి కాగా, మరికొన్ని 1950ల ఆరంభంలో వచ్చాయి. కాలం గడిచేకొద్దీ బాయిలర్లు అరిగాయి. విడిభాగాలు బజారులో దొరికేవి కావు. ఆ దశలో తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఇదే తరగతి ఇంజన్లను కొత్తగా తయారుచేసింది. బొగ్గుకు బదులు చమురుతో నడిచే ఇంజన్లు 2011 నుంచి ఈ మార్గంలోకి వచ్చాయి.

వారసత్వ రైలు అనగానే పాత వస్తువును అద్దాల పెట్టెలో భద్రపరచినట్లు భావించడం సహజం. నీలగిరి రైలు విషయంలో కాపాడవలసింది ఇనుమును మాత్రమే కాదు. బాయిలరును మరమ్మతు చేయగలవారు, మంటను అదుపులో ఉంచే ఫైర్‌మన్లు, జెండా సంకేతాలు తెలిసిన బ్రేక్స్‌మన్లు, ప్రతి వర్షం తర్వాత పట్టా వెంట నడిచి పరిశీలించే సిబ్బంది ఉన్నంత కాలమే ఇది నడుస్తుంది. దేశంలోని ఇతర మార్గాలలో ఆవిరి ఇంజన్లు దాదాపు కనుమరుగైన స్థితిలో, ఈ పనితనం ఒక తరం నుంచి మరో తరానికి అందేందుకు మిగిలిన చోట్లు తక్కువ. కూనూరులోని ఇంజన్ల షెడ్డు వాటిలో ఒకటి.

దారి పొడవునా

మెట్టుపాళయం నుంచి కల్లారు వరకు పోక తోటల మధ్య సమతలంగా సాగే బండి, ఆపై అడవిలోకి ప్రవేశిస్తుంది. ఇంజను నీరు నింపుకోవడానికి హిల్‌గ్రోవ్ వంటి చోట్ల ఆగుతుంది. ఆ కాస్త సమయంలో ప్రయాణికులు దిగి టీ తాగవచ్చు. ఇంజను నీళ్లు పట్టుకోవడాన్ని దగ్గర నుంచి చూడడం పిల్లలకు ఈ ప్రయాణంలో మరపురాని ఘట్టం. అక్కడి కోతులు చేతిలోని తినుబండారాలను లాక్కుంటాయి కనుక జాగ్రత్త అవసరం.

ఎత్తు పెరిగేకొద్దీ అడవి తరిగి తేయాకు తోటలు కనిపిస్తాయి. కూనూరు తర్వాత వెల్లింగ్టన్, అరవంకాడు, కేత్తి, లవ్‌డేల్ స్టేషన్లు వస్తాయి. కమల్‌హాసన్, శ్రీదేవి నటించిన ‘వసంత కోకిల’ చివరి ఘట్టాన్ని చిత్రీకరించింది కేత్తి స్టేషనులోనే. తమిళ ‘మూండ్రామ్ పిరై’కి తెలుగు రూపమైన ఆ చిత్రాన్ని చూసినవారు ఈ స్టేషనును సులువుగా గుర్తుపడతారు.

కాలినడకకు అనువైన చోట్లు

నడకకు, రైలుకు కూడా కూనూరు మంచి విడిది. ఊటీతో పోలిస్తే ఇక్కడ రద్దీ తక్కువ. 1874లో ఏర్పాటైన సిమ్స్ పార్కు కొండవాలు మీద అంచెలంచెలుగా ఉంటుంది. చిన్న పిల్లలతో, వృద్ధులతో మెల్లగా తిరగడానికి అనువైనది. పట్టణానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని లాంబ్స్ రాక్ నుంచి, ఆకాశం నిర్మలంగా ఉంటే, కోయంబత్తూరు మైదానం వరకు చూపు సాగుతుంది.

ఊటీలోని ప్రభుత్వ ఉద్యానవనం 1848లో రూపుదిద్దుకుంది. దాని పైభాగంలో తోడా ప్రజల నివాసం ఒకటి ఉంది. తోడాలు గేదెల పెంపకంతో జీవించిన కొండజాతి. అర్ధ పీపా ఆకారంలో వంగిన పైకప్పుతో కట్టే వారి సంప్రదాయ నిర్మాణాలు, తెల్లని బట్టపై ఎరుపు, నలుపు దారాలతో చేసే కుట్టుపని ప్రసిద్ధం. ఆ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తోడా, కోటా, బడగ భాషలు తెలుగు చేరిన ద్రావిడ కుటుంబానికి చెందినవే. నీలగిరులలో ఎత్తయిన శిఖరం దొడ్డబెట్ట 2,637 మీటర్లు. ఆ పేరుకు ‘పెద్ద కొండ’ అని అర్థం. అందులోని ‘దొడ్డ’ తెలుగువారికీ పరిచితమైన మాటే. తోడాల ఇళ్లు, గుడులు ప్రదర్శనశాలలు కావు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, ఫోటోలు తీయడం తగదు.

నడిచేవారికి కనిపించే పచ్చదనమంతా ఆదిమ ప్రకృతి కాదు. ఒకప్పుడు ఈ పీఠభూమిపై ఎక్కువ భాగం గడ్డిమైదానాలు, వాటి మధ్య లోయల్లో ‘షోలా’ అనే చిట్టడవులు ఉండేవి. తేయాకు, యూకలిప్టస్, తుమ్మ జాతి చెట్ల పెంపకంతో ఆ దృశ్యం మారిపోయింది. షోలాలు, గడ్డిమైదానాలు వాననీటిని పట్టి ఉంచి వాగులకు మెల్లగా వదులుతాయి. వాటిని కాపాడడం కింది మైదానాల నీటి అవసరాలకు కూడా ముఖ్యం. పన్నెండేళ్లకు ఒకసారి పూసే నీలకురింజి కూడా ఈ గడ్డిమైదానాలదే.

వాలు మీద ఒత్తిడి

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు ఇక్కడ కొండచరియలు విరిగిపడుతుంటాయి. పట్టాలపై మట్టి, బండరాళ్లు పడి రైళ్లను రద్దు చేయడం తరచుగా జరిగేదే. ఈ దారి ఏనుగుల సంచారమార్గాల గుండా కూడా సాగుతుంది. 2021లో హిల్‌గ్రోవ్ సమీపంలో కట్టిన గోడ ఏనుగులకు అడ్డంకిగా మారిందన్న ఆందోళన వ్యక్తం కావడంతో దానిని తొలగించారు.

మరోవైపు వేసవిలో కార్ల రద్దీ పట్టణాలను ముంచెత్తుతోంది. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే నుంచి నీలగిరులకు వచ్చే వాహనాలకు ఈ–పాస్ విధానం అమలులోకి వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి వేసవి రద్దీ కాలానికి రోజుకు మామూలు దినాల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాల పరిమితి విధించారు. రైళ్లకు, ప్రభుత్వ బస్సులకు ఆ పరిమితి వర్తించదు. కారు లేకుండా కొండెక్కే కుటుంబం ఆ వాలుపై ఒక వాహనం బరువును తగ్గించినట్లే.

ప్రయాణానికి ముందు

చెన్నై నుంచి రాత్రి బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి మెట్టుపాళయం చేరుతుంది. దానికి అనుసంధానంగా ఉదయం ఏడు గంటల ప్రాంతంలో పర్వత రైలు బయలుదేరుతుంది. తెలుగు రాష్ట్రాల నుంచి కోయంబత్తూరు చేరుకుని, అక్కడి నుంచి మెట్టుపాళయం వెళ్లడం మరో మార్గం. సీట్లు పరిమితం కనుక ఐఆర్‌సీటీసీలో ముందుగానే రిజర్వు చేసుకోవాలి. వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు సరిచూసుకోవడం మంచిది.

ఎక్కేటప్పుడు ఆవిరి బండిలో కూనూరు వరకు వెళ్లి, అక్కడ ఒకటి రెండు రోజులు బసచేసి, ఆపై డీజిల్ బండిలో ఊటీ చేరితే పిల్లలకు ఒకే రోజు ఐదు గంటల ప్రయాణ భారం తప్పుతుంది. రెండు రకాల ఇంజన్లూ చూసినట్లవుతుంది. అయితే ఈ రెండు భాగాలకూ విడివిడిగా టికెట్లు తీసుకోవలసి ఉంటుంది.

వేసవిలోనూ ఉదయం, సాయంత్రం చలిగా ఉంటుంది కనుక స్వెట్టర్లు తీసుకువెళ్లాలి. జిల్లాలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది. నీళ్లకు స్టీలు సీసాలు మేలు. తేయాకు తోటల్లోకి అడవిదున్నలు వస్తుంటాయి. అవి కనిపిస్తే దగ్గరకు వెళ్లకుండా దూరంగా తప్పుకోవాలి. పొద్దు వాలిన తర్వాత తోటదారుల్లో నడవకూడదు. రైలు పట్టాల మీద నడవడం, సెల్ఫీల కోసం సొరంగాల్లోకి వెళ్లడం ప్రమాదకరం. రైల్వే చట్టం ప్రకారం అది శిక్షార్హం కూడా.

వానాకాలంలో వెళ్లేవారు తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి. కొండచరియ విరిగి రైలు రద్దయితే అదే రోజు బస్సులో దిగి మరో బండి అందుకోవడం అన్నిసార్లూ సాధ్యపడదు.