గ్రూపు ఫొటోలో నీడ

ఈ సంచిక కోసం మా 1985 పదో తరగతి బ్యాచ్ గ్రూపు ఫొటోను బాగుచేసే పని కమిటీవారు నా మీద పెట్టారు. ఇంజినీరు కదా, కంప్యూటర్ వచ్చు కదా అని. నలభై ఏళ్లు ట్రంకుపెట్టెలో మగ్గిన ప్రింటు అది. ముందు వరసలో కుర్చీల మీద కూర్చున్న మాస్టార్ల తెల్లచొక్కాలు ఎండకు వెలిగిపోయి గుండీలు కూడా కనపడవు. వెనక బెంచీల మీద నిలబడ్డవాళ్లం వరండా నీడలో పడి ఒకరికొకరం కలిసిపోయాం. ఎడమ చివర స్తంభం పక్కన ఎవరో ఉన్నారు. గంట కొట్టే అటెండరు తాత అనుకుంటాను.

స్కాన్ చేసి ఫొటోషాప్‌లో తెరిచాను. అందులో డాడ్జ్ అని ఒక పరికరం ఉంది. దానితో రుద్దినచోట మాత్రమే బొమ్మ తేటపడుతుంది. దాని జోడీ బర్న్, అది ముదురు చేస్తుంది. మొదటిదాని గుర్తు పుల్లకు గుచ్చిన బిళ్ల. రెండోదాని గుర్తు వేళ్లు ముడిచి సున్నా చుట్టిన చెయ్యి. మా అబ్బాయి మొదటిదాన్ని లాలీపాప్ అనుకున్నాడు. వాడి తప్పేం లేదు, వాడు డార్క్‌రూమ్ చూడలేదు.

నేను చూశాను. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో మన ఊరి స్టూడియోలో నెల రోజులు ఎర్రబల్బు కింద నిలబడ్డాను. ఎన్‌లార్జర్ వెలుగు నెగటివ్ గుండా దిగి కింద కాగితం మీద పడుతుంది. వెలుగు ఎంత తగిలితే కాగితం అంత నల్లబడుతుంది. అక్కడ లెక్కంతా తలకిందులు. నీడలో ఉన్న ముఖం తేటగా రావాలంటే ఆ చోట వెలుగును అడ్డుకోవాలి. స్టూడియో ఆయన సన్నతీగ చివర అట్టబిళ్ల అంటించి, ముఖం పడేచోట కొన్ని సెకన్లు ఆడించేవారు. చెయ్యి ఆగకూడదు, ఆగితే బిళ్ల అంచు గీతలా అచ్చుపడుతుంది. వెలిసిపోయిన తెల్లచొక్కాకైతే దీనికి రివర్సు. మిగతా కాగితాన్ని రెండు చేతులతో కప్పి, వేళ్ల సందులోంచి చొక్కా మీదికి మాత్రం ఇంకాస్త వెలుగు వదలాలి. అప్పుడు మడతలు పైకి వస్తాయి. కంప్యూటర్‌లోని ఆ బిళ్లా, ఆ చెయ్యీ ఇవే.

అసలు ఇబ్బంది ఇంకా పాతది. పందొమ్మిదో శతాబ్దపు గాజుపలకలకు నీలం వెలుగు మరీ ఎక్కువగా సోకేది. నేలకు సరిపోయేంత వెలుగు ఇస్తే ఆకాశం తెల్లకాగితమయ్యేది. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే దానికో దారి వెతికాడు. సముద్రానికి ఒక నెగటివ్, మేఘాలకు వేరే నెగటివ్ తీసుకుని, దిగంతం దగ్గర కలిపి ఒకే కాగితం మీద అచ్చువేశాడు. ఒకే బొమ్మలో ఒక్కోచోటికి ఒక్కో వెలుగన్నమాట.

ఈ విద్యలో అందరూ చెప్పుకునే పేరు అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీదుగా పోతూ, చంద్రోదయాన్నీ, చివరి ఎండలో మెరుస్తున్న సమాధుల శిలువలనూ చూసి కారు ఆపాడు. వెలుగు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి ప్రకాశం ఎంతో గుర్తుంది కాబట్టి దాన్నిబట్టి లెక్కకట్టి తీశాడు. రెండోది తీసేలోపు శిలువల మీద ఎండ పోయింది. ఆ ఒక్క నెగటివ్ నుంచి జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు తీశాడు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో మబ్బులతో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ బర్న్ చేస్తూ చేస్తూ దాన్ని దాదాపు కారునలుపు చేశాడు. 1948లో నెగటివ్‌లో నేల భాగాన్ని రసాయనంతో గట్టిపరిచాడు కూడా. పియానో నేర్చిన మనిషి, నెగటివ్‌ను స్వరలిపితోనూ ప్రింటును కచేరీతోనూ పోల్చేవాడు.

ఫొటోషాప్‌కూ ఒక డార్క్‌రూమ్ ఉంది. దాన్ని మొదలుపెట్టిన థామస్ నోల్, తండ్రి ఇంటి నేలమాళిగలో నడిపిన డార్క్‌రూమ్‌లోనే ఫొటో అచ్చు నేర్చుకున్నాడు. 1987లో, తన మ్యాకింటోష్ బూడిదరంగు ఛాయలు చూపించలేకపోతోందని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. తమ్ముడు జాన్ చెయ్యి కలిపాడు. 1990లో అడోబీ దాన్ని బజారుకు తెచ్చింది.

ఇక నా వృత్తిధర్మంగా ఒక మాట. మామూలు స్కాన్‌లో ఒక్కో చుక్కకు 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. మా వెనక వరస మొత్తం 10కీ 30కీ మధ్య ఇరుక్కుంది. ఆ ఇరవై మెట్లను సాగదీస్తే ముఖాలు వస్తాయి, వాటితోపాటు మచ్చలూ వస్తాయి. 0కి పడిపోయినచోట రుద్దితే బూడిదరంగు వస్తుంది తప్ప మనిషి రాడు. అందుకే అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా, పైన బూడిదరంగు పొర ఒకటి పరచి దాని మీదే తెలుపూ నలుపూ అద్దాను. తప్పు జరిగితే ఆ పొర తీసేయొచ్చు.

తప్పు జరిగింది. పూర్తయిన బొమ్మను మా బ్యాచ్ గ్రూపులో పెట్టిన రాత్రే ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "ఏరా, బళ్లో నన్ను కర్రోడా అని పిలిచింది మీరే కదా. ఇప్పుడు తెల్లగా చేసి క్షమాపణ చెప్తున్నావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. స్కాన్ తీసి చూసుకున్నాను. పక్కవాళ్ల ముఖాలకు ఇచ్చినదానికంటే వాడి ముఖానికి రెట్టింపు ఇచ్చాను. వాళ్లతో సమానమయ్యేదాకా నా చెయ్యి ఆగలేదు, ఆ సంగతి నాకే తెలియలేదు. పెళ్లిచూపుల ఫొటోలకు స్టూడియో ఆయన నెగటివ్ మీద పెన్సిల్‌తో చేసే టచింగ్ పక్కన నిలబడి చూసినవాణ్ణే, ఆ అలవాటు నాక్కూడా అంటిందన్నమాట. 1994లో టైమ్ పత్రిక దీనికి రివర్సులో చేసింది. హత్యకేసులో అరెస్టయిన ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోను నల్లగా ముదురు చేసి ముఖపత్రంగా వేసింది. అదే వారం న్యూస్‌వీక్ అదే ఫొటోను మార్చకుండా వేయడంతో, రెండూ పక్కపక్కన చూసినవాళ్లకు తేడా తెలిసిపోయింది. నల్లజాతి మనిషిని నేరస్తుడిగా కనపడేలా చేశారని పెద్ద గొడవైంది.

ఆ ముఖం మీది పొర చెరిపి, పక్కవాళ్లకు ఎంతో వాడికీ అంతే ఇచ్చాను. ఈ సంచికలో ఉన్నది ఆ బొమ్మే. వాడు నల్లగానే ఉన్నాడు, కళ్లు కనపడుతున్నాయి.

ఎడమ చివర స్తంభం పక్కన తలపాగా అంచు, చేతిలో గంట కొట్టే కొయ్యసుత్తి తేలాయి. అక్కడ ముఖం 0లో ఉంది, నేనేం చేయలేదు. తాత పేరు కమిటీలో ఎవరికీ గుర్తులేదు, బొమ్మ కింద ఆ చోటు ఖాళీగా ఉంచాం. పాత బ్యాచ్‌లవారికి తెలిస్తే చెప్పండి, రాసుకుంటాం.