విదేశీ విడాకులు: 1991 తీర్పు తెచ్చిన మలుపు

వ్యాజ్యం రెండు దేశాలతో ముడిపడినప్పుడు ఏ కోర్టు విచారించాలో, ఏ చట్టం వర్తిస్తుందో, పరాయి కోర్టు డిక్రీని ఎంతవరకు మన్నించాలో తేల్చే శాఖను ప్రైవేటు అంతర్జాతీయ న్యాయం అంటారు. పేరు ఎలా ఉన్నా అది ఏ దేశానికా దేశం రూపొందించుకునే చట్టమే. విడాకుల విషయంలో దాని తొలిదశ తెలిసినదే: 1895లో సిలోన్ అప్పీలుపై ప్రివీ కౌన్సిల్ డొమిసైల్‌ను, అంటే ఇకపై అక్కడే ఉండిపోవాలన్న తలంపుతో కూడిన నివాసాన్ని, ఏకైక ప్రమాణంగా నిలిపింది, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షను విదేశీ తీర్పులు చెల్లని సందర్భాలను పేర్కొంది.

సుప్రీంకోర్టు 1975లో ఒక నెవాడా డిక్రీని తోసిపుచ్చిందనీ, 1991 తీర్పు దానికి కొనసాగింపేననీ చెప్పడం పరిపాటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఈ మాట నిలవదు. 1975లో భర్త నెవాడా డొమిసైల్ ఉన్నట్టు నటించి కోర్టును మోసగించాడు. తీర్పు ప్రధానంగా ఆ మోసం మీదే ఆధారపడింది. 1991 వ్యాజ్యంలోనూ అటువంటి సాక్ష్యమే ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఆ దంపతుల్లో భర్త, 1978లో తిరుపతి సబ్‌కోర్టుకు ఇచ్చిన పిటిషన్లో తాను న్యూ ఆర్లియన్స్ నివాసినని రాసి, ఆ తరువాత మిస్సోరీ కోర్టులో మాత్రం అక్కడ తొంభై రోజులకు తక్కువ కాకుండా ఉన్నానని చెప్పి 1980లో డిక్రీ పొందాడు. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండానే జవాబు పంపింది. రెండు కాగితాల మధ్య ఉన్న ఈ పొంతనలేనితనంతోనే వ్యాజ్యం ముగిసిపోవచ్చు. జస్టిస్ సావంత్ రాసిన తీర్పు అక్కడ ఆగక, విదేశీ కోర్టు అధికారమూ విడాకుల కారణమూ రెండూ దంపతులు ఏ చట్టం కింద పెళ్లాడారో ఆ చట్టానికి లోబడి ఉండాలన్న సాధారణ నియమాన్ని పెట్టింది. మినహాయింపులు లేకపోలేదు: ప్రతివాది స్థిరంగా నివసించే చోట దావా పడినా, ప్రతివాది ఇష్టపూర్వకంగా హాజరై వాదించినా, ఆ చట్టంలోని కారణం మీదే డిక్రీ వస్తే చెల్లుతుంది, ప్రతివాది సమ్మతిస్తే కారణపు పట్టింపు కూడా లేదు. అయినా ప్రశ్న ఏ కోర్టు అన్న దగ్గర నుంచి ఏ చట్టం అన్న దగ్గరికి జరిగింది. దీన్ని కొనసాగింపు అనడం కంటే తెగతెంపు అనడమే సబబు.

విడిచిపెట్టబడిన భార్యకు ఈ నియమం అండగా నిలిచిన మాట నిజమే. అయితే అమెరికాలో దశాబ్దాలుగా కాపురముంటూ, భర్త సమ్మతి లేకుండా అక్కడి చట్టప్రకారం విడిపోయిన తెలుగు మహిళకూ ఇదే నియమం అడ్డుపడుతుంది: అక్కడ ఆమె ఒంటరి, ఇక్కడ ఇంకా భార్యే. లా కమిషన్ 1976లో తన 65వ నివేదికలో విదేశీ విడాకుల గుర్తింపుకు ప్రత్యేక చట్టం కోరింది. అది నేటికీ రాలేదు. 1970 నాటి హేగ్ విడాకుల ఒడంబడికలో భారతదేశం చేరలేదు. 2019లో రాజ్యసభ ముందుకు వచ్చిన ప్రవాసుల వివాహ నమోదు బిల్లు నమోదుకూ పాస్‌పోర్టుకూ సంబంధించినదే తప్ప ఈ చిక్కును తాకలేదు. ఇక 2023లో రాజ్యాంగ ధర్మాసనం, కాపురం తిరిగి అతకనంతగా చెడిందని తేలితే 142వ అధికరణం కింద సుప్రీంకోర్టే వివాహాన్ని రద్దు చేయవచ్చని చెప్పింది. మిస్సోరీ కోర్టు ఆధారపడిన కారణమూ అదే. హిందూ వివాహ చట్టంలో అది లేనందున జిల్లాలోని ఫ్యామిలీ కోర్టు మాత్రం ఆ కారణంతో నేటికీ విడాకులివ్వలేదు.